నీ గూఢచారి మా ఊళ్ళో దాక్కోలేడు

పర్లాకిమిడి

ప్రియ మిత్రమా,

నీ నవల చిత్తుప్రతి అందింది. భోజనానికి తప్ప లేవకుండా చదివేశాను. గూఢచార సంస్థ నుంచి పారిపోయి వచ్చిన మనిషి, అతని గతం తెలియక ప్రేమించిన అమ్మాయి అన్నది పాత ఇతివృత్తమే. అయినా దాన్ని తెచ్చి మా ఊళ్ళో పెట్టావు కాబట్టి నాలుగు మాటలు అనే హక్కు నాకు వచ్చింది. కథ నడక బాగుంది, ప్రేమ కూడా మరీ పాకంలో తేలకుండా ఉంది. నా పేచీ అంతా ఒక్క నమ్మకంతోనే. మనిషి దాక్కోవడానికి ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా చిన్న ఊరు అనువైనదని నీకెవరు చెప్పారు?

హైదరాబాదులో పక్క వాటాలో ఎవరుంటున్నారో నీకు పట్టదు. ఇక్కడ అద్దెకు దిగినవాడు సామాను దించుకోకముందే ఎదురింటివారు "ఏ ఊరండీ మీది? ఎవరి తాలూకా?" అని అడుగుతారు. నీ కథానాయకుడు "టెక్కలి" అని ఒక్క ముక్కలో తేల్చేసి లోపలికి వెళ్ళిపోయినట్టు రాశావు. టెక్కలి అంటే ఏ వీధి అంటారు, వీధి చెబితే ఫలానావారికి మీరేమవుతారని అడుగుతారు. టెక్కలిలోనో, పలాసలోనో, గుణుపురంలోనో చుట్టాలు లేని తెలుగు ఇల్లు ఇక్కడ దొరకడం కష్టం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. పెళ్ళి శుభలేఖలకు మాత్రం ఆ సరిహద్దు లెక్కలేదు.

అందుకని అతన్ని బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాడిగా పరిచయం చెయ్యి. మన వైపు నుంచి రైల్వే కొలువులకు వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. యాస తేడాగా ఉండటానికి, హిందీ, బెంగాలీ ధారాళంగా రావడానికి, దగ్గరలో బంధువులెవరూ కనిపించకపోవడానికి ఆ ఒక్క సంజాయిషీ సరిపోతుంది. ఎవరో ఒకరి మేనమామ ఖరగ్‌పూర్‌లో ఉండకపోడు కనుక, ఎప్పుడు బయటపడతాడోనన్న దడ కూడా ఆ అబద్ధంలోనే ఉంటుంది.

కథాకాలం నువ్వు తేల్చలేదు. ఒక ప్రకరణంలో ఎస్టీడీ బూత్ ఉంది, మరొక ప్రకరణంలో సెల్‌ఫోన్ మోగుతుంది. నన్నడిగితే 1999లో పెట్టు. కార్గిల్ యుద్ధం జరిగిన సంవత్సరం, నిఘాలో లోపం ఎక్కడ జరిగిందని దేశమంతా అడిగిన సంవత్సరం, దాన్ని పరిశీలించడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేసిన సంవత్సరం. పై అధికారి తొక్కిపెట్టిన ఫైలు ఒకటి నీ కథలో ఇప్పటికే ఉంది కాబట్టి దానికి ఇంతకంటే మంచి కాలం దొరకదు. అప్పటికి ఆధార్ లేదు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే మా లైను అప్పటికింకా నేరోగేజి, అది బ్రాడ్‌గేజి అయి రైళ్ళు మళ్ళీ నడిచింది 2011లోనే. కాబట్టి నువ్వు రాసిన ఎక్స్‌ప్రెస్ ఛేజింగ్ తీసెయ్యక తప్పదు. ఆ చిన్న రైల్లో పారిపోయేవాడిని సైకిలు మీద వెంబడించవచ్చునని పెద్దలు నవ్వుకునేవారు.

అతని ఉద్యోగం కూడా మార్చు. తుపాకీ మనిషిగా కాక ఫోటోలు చదివే మనిషిగా చూపించు. ఆ రోజుల్లో కటక్ దగ్గర చార్బటియాలో ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ అనే నిఘా సంస్థ స్థావరం ఉండేది. 1962 చైనా యుద్ధం తరువాత పుట్టిన ఆ సంస్థకు విమానాల నుంచి ఫోటోలు తీయడం ముఖ్యమైన పని. సుమారు 60 శాతం ఒకదానితో ఒకటి కలిసేలా తీసిన రెండు ఫోటోలను స్టీరియోస్కోప్ అనే జంట కటకాల పరికరం కింద పక్కపక్కన పెట్టి చూస్తే నేల మిట్టపల్లాలతో సహా పైకి లేచి కనబడుతుంది. నీడ పొడవును బట్టి కట్టడం ఎత్తు లెక్కగడతారు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన కళ్ళు ఇంకెక్కడా ఊరుకోవు.

ఇక నాయిక. సంతలో అతను నలుగురు రౌడీలను కొట్టడం చూసి టీచరమ్మ మనసు పారేసుకోవడం నీ స్థాయికి తగదు. ఆమెకు తండ్రి వదిలిపోయిన ఫోటో స్టూడియో ఇవ్వు. శ్రావణంలో జరిగిన ఒక పెళ్ళి ఫోటోలను ఆమె ఆల్బమ్ కోసం వరుస పెడుతూ ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట పడ్డాడు, ఈ ఖరగ్‌పూర్ ఆయన మాత్రం ఒకదానిలో భుజం, ఒకదానిలో చెవి, మరొకదానిలో వీపు. బంతి భోజనాల ఫోటోలో ఒక విస్తరి ముందు మనిషి లేడు. పప్పన్నం సగం తిని ఉంది, వడ కొరికి పెట్టి ఉంది, నీళ్ళ గ్లాసు పక్కకు ఒరిగి ఉంది. ఆ ఆకు ముందు కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు, వడ్డించింది తనే కాబట్టి. వీడియో లైటు తమ వరుసకు తిరగగానే లేచి వెళ్ళిన మనిషిని ఆమె అక్కడ పట్టుకుంటుంది. ఇద్దరూ ఫోటోలు చదవగలిగినవారే. ప్రేమ అక్కడ మొదలైతే నేను నమ్ముతాను.

అయితే ఒక్క నెగెటివ్‌లో అతని ముఖం పూర్తిగా పడిందనుకో. దసరాకు ముందు పెళ్ళివారు పెద్ద ఫోటోలు అడుగుతారు, ఆమె ఇంట్లో లేనప్పుడు తమ్ముడు ఆ నెగెటివ్‌లన్నీ బస్సులో బరంపురం కలర్ ల్యాబ్‌కు పంపేస్తాడు. అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను బరంపురాన్ని కొడుతుంది. అదే నెల 29న వచ్చిన మహా తుపాను ముందు ఇది జనానికి గుర్తులేకుండా పోయింది కానీ, నీకు కావలసింది ఇదే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ కవరు ఎవరి చేతిలో ఉందో అతనికీ తెలియదు, అతన్ని వెతికేవాడికీ తెలియదు.

నిజమైన ప్రమాదం మాత్రం వెతికేవాడి నుంచి రాకూడదు. సంబంధం వాకబు నుంచి రావాలి. అమ్మాయి మనసు తెలిసిన మరునాడే ఆమె మేనమామ సంచీ భుజాన వేసుకొని ఖరగ్‌పూర్ రైలెక్కుతాడు. కుర్రాడి తాత రైల్వే వర్క్‌షాపులో ఏ విభాగంలో పనిచేశాడు, ఏ కాలనీలో ఉన్నారు, ఇంటిపేరేమిటి, అప్పులున్నాయా అని రెండు పూటల్లో ఆయన రాబట్టగలిగినది ఢిల్లీలో కూర్చున్నవారు రెండేళ్ళలో రాబట్టలేరు. ప్రేమించినంత కాలం అతనికి భయం లేదు, పెళ్ళి మాట ఎత్తితేనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క ముడి కోసమే నీ నవల మన భాషలో రావాలని నా అభిప్రాయం.

అది అతిశయోక్తి అనుకోకు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పంపిన గూఢచారి నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో జర్మన్లు ఆక్రమించిన పారిస్‌లో వైర్‌లెస్ పెట్టె పట్టుకొని ఇళ్ళు మారుతూ నెలల తరబడి తప్పించుకుంది. చివరకు వెతికేవాళ్ళ తెలివి వల్ల కాదు, ద్రోహం వల్ల పట్టుబడింది, మరుసటి ఏడాది డాఖావ్ శిబిరంలో చంపేశారు.

ముగింపులో పై అధికారి స్వయంగా వచ్చి బేడీలు వేయడం మాత్రం కుదరదు. 1968లో ఐబీ (దేశం లోపలి నిఘా సంస్థ) నుంచి విడివడిన ‘రా’ (విదేశీ గూఢచార సంస్థ) అధికారులకు గానీ, ఐబీవారికి గానీ అరెస్టు చేసే అధికారం లేదు. స్థానిక పోలీసుల దగ్గరకు వెళ్ళి ఏదో ఒక కేసు చెప్పుకోవాలి, ఈలోగా నీవాడు వంతెన దాటితే పోలీసులు మారిపోతారు. ఆ అధికారి ఠాణాలో బల్ల మీద కూర్చొని ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూసే సన్నివేశం రాస్తే, నీ తుపాకుల పేజీలన్నిటికంటే నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి ఖరగ్‌పూర్‌లో పెరిగినవాడు. రైల్వే కాలనీల సంగతులు వాడినడిగి వేరే ఉత్తరంలో రాస్తాను. అంతవరకు మేనమామ ప్రయాణం జోలికి వెళ్ళకుండా, పెళ్ళి భోజనాల ప్రకరణం తిరగరాసి పంపు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు