కోర్టు ప్రణాళిక అంటే భవనాల పద్దు కాదు

సంపాదకుల వారికి,

కోర్టుల భవిష్యత్తు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట కొత్త భవనాల దగ్గర మొదలై కంప్యూటర్ల దగ్గర ఆగిపోతోంది. భవనం యాభై ఏళ్లు నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పదేళ్లకే పాతబడుతుంది. ఇరవై ఎనిమిదో ఏట చేరిన జూనియర్ సివిల్ జడ్జి మూడు దశాబ్దాలకు పైగా సర్వీసులో ఉంటారు. ఆస్తి దావాలో ఇచ్చిన డిక్రీ నకలు కోసం మనవలు కూడా రికార్డు రూమ్‌కు వస్తారు. ఇన్ని రకాల ఆయుష్షులను ఒకే ఐదేళ్ల పథకంలో కుక్కితే చివరి ఏడాది మిగిలిన నిధులు ఖర్చుపెట్టడమే ప్రణాళిక అవుతుంది.

ముందు జడ్జీల లెక్క. పది లక్షల జనాభాకు 10.5గా ఉన్న జడ్జీల సంఖ్యను 50కి పెంచాలని 1987లో లా కమిషన్ 120వ నివేదిక చెప్పింది. సభల్లో ఇప్పటికీ ఆ యాభయ్యే వినిపిస్తుంది. జనాభా కొలమానం సరిపోదని 2014లో అదే కమిషన్ 245వ నివేదికలో తేల్చింది. 2017లో ఇంతియాజ్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు కూడా కేసుల బరువును బట్టి కట్టే లెక్కనే ప్రస్తుతానికి పాటించమంది.

ఆ బరువు కట్టడం బ్రహ్మవిద్య కాదు. కొన్ని కోర్టుల్లో ఆరు వారాల పాటు ఏ రకం కేసుకు ఎన్ని నిమిషాలు పట్టాయో రాసుకోవాలి. బెంచి మీద గడిపిన సమయంతో పాటు ఛాంబర్‌లో రికార్డు చదవడం, తీర్పు డిక్టేట్ చేయడం, దిద్దడం కూడా అందులోకి రావాలి. ఇవి వదిలేస్తే తీర్పు రాయడానికే వారం పట్టే దావా తేలికైనదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు ప్రామిసరీ నోటు దావాకు మొత్తం 60 నిమిషాలు, భాగ పంపకాల దావాకు 900 నిమిషాలు తేలాయనుకుందాం. ఏడాదికి మొదటివి 3,000, రెండోవి 100 వస్తే పని 2,70,000 నిమిషాలు. సెలవులు, శిక్షణ పోను జడ్జికి 215 పనిదినాలు, రోజుకు ఆరు గంటల చొప్పున వేస్తే 77,400 నిమిషాలు. అంటే మూడున్నర మంది జడ్జీలు కావాలి. సంఖ్యలో నూటికి మూడు మాత్రమే ఉన్న పంపకాల దావాలు మొత్తం సమయంలో మూడో వంతు తీసుకుంటున్నాయని ఫైళ్లు లెక్కబెడితే ఎన్నటికీ తెలియదు.

దాఖలైనన్ని కేసులు పరిష్కారమైతే నూటికి నూరు శాతం అని సంబరపడటం ఇంకో పొరపాటు. తేలికైనవి తేల్చి కూడా ఆ అంకె తెచ్చుకోవచ్చు. అడుగున ఉన్న పాత ఫైళ్ల వయసు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే పదేళ్లు దాటిన కేసుల సంఖ్యను ప్రతి త్రైమాసికంలో విడిగా చూడాలి.

కేసులు జనాభాతో కాదు, చట్టంతో పెరుగుతాయి. 1989 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన చెక్ బౌన్స్ సెక్షన్ 138 ఒక్కటే మేజిస్ట్రేట్ కోర్టుల్ని లక్షల ఫైళ్లతో నింపింది. బిల్లు పెట్టేటప్పుడే కోర్టుల మీద పడే అదనపు ఖర్చును అంచనా వేసి ఆర్థిక మెమొరాండంలో (బిల్లుతో పాటు పెట్టే ఖర్చుల పత్రం) చేర్చాలని జస్టిస్ ఎం. జగన్నాథరావు నేతృత్వంలోని టాస్క్‌ఫోర్స్ 2008లో సిఫార్సు చేసింది. మంచి మాట, ఆచరణలోకి రాలేదు.

తాజా ఉదాహరణ 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ విచారణ విధానాల చట్టం. దాని 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనాలను వీడియో తీయాలి. సెకనుకు రెండు మెగాబిట్ల నాణ్యతతో గంట వీడియో దాదాపు 900 ఎంబీ. ఏడాదికి 500 కేసుల్లో అరగంట చొప్పున వచ్చినా 225 జీబీ. వేరే ఊళ్లో రెండో ప్రతి ఉంచితే 450. అప్పీళ్లు ముగిసే దాకా పదిహేనేళ్లు దాచాలంటే మొత్తం ఎంతో వేసుకోండి. అంతకంటే పెద్ద చిక్కు ఫార్మాట్. చాలా సీసీ కెమెరాల ఫుటేజీ ఆ కంపెనీ ప్లేయర్‌లోనే తెరుచుకుంటుంది. కంపెనీ మూతపడితే సాక్ష్యమూ మూతపడ్డట్టే. అసలు ఫైలును హాష్ విలువతో (ఫైలు మారితే పట్టిచ్చే డిజిటల్ వేలిముద్ర) సహా భద్రపరిచి, అందరికీ తెరుచుకునే ఫార్మాట్‌లో చూసేందుకు ఇంకో ప్రతిని దాఖలు రోజునే తీయించాలి.

పాత రికార్డుల స్కానింగ్‌లోనూ ఇలాంటి తొందరే. 2023లో కేంద్రం ఆమోదించిన ఈ-కోర్టుల (కోర్టుల కంప్యూటరీకరణ పథకం) మూడో దశకు నాలుగేళ్లకు 7,210 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో పెద్ద వాటా డిజిటైజేషన్‌దే. పేజీకి ఇంత అని కాంట్రాక్టు ఇస్తే కాంట్రాక్టరు పేజీలే చూసుకుంటాడు. కుట్టు విప్పకుండా స్కాన్ చేస్తే ఎడమ మార్జిన్ పోతుంది. నలుపు తెలుపులో తీస్తే సీలు మరక, సంతకం సిరా మధ్య తేడా పోతుంది. ఫోర్జరీ ఆరోపణ ఉన్న ఫైల్లో కావాల్సిందే అది. ఎగ్జిబిట్లు (కోర్టు గుర్తు వేసిన సాక్ష్య పత్రాలు), సంతకాలున్న పేజీలు రంగుల్లో, కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టత), దీర్ఘకాలం దాచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్-ఏ ఫార్మాట్‌లో ఉండాలి. చేతిరాత తెలుగు వాంగ్మూలాలను యంత్రం సరిగా చదవలేదు కాబట్టి కేసు నంబరు, సీఎన్‌ఆర్ (ప్రతి కేసుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), పత్రం రకం, తేదీ, ఎగ్జిబిట్ గుర్తు మనిషే నమోదు చేయాలి. ఈ ఇండెక్స్ లేని స్కాన్ గోనె సంచిలో పోసిన ఫైళ్లతో సమానం. వేలంలో తక్కువ ధరకు పాడినవాళ్లు మొదట కోత పెట్టేదీ ఇండెక్స్ మీదే. ప్రతి బ్యాచ్‌లో పదో వంతు పేజీలను రికార్డు కీపర్ అసలుతో పోల్చి సంతకం చేశాకే బిల్లు చెల్లించాలి.

ఈ పనులన్నీ చూసే మనిషి స్థిరంగా ఉండాలి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులు కొద్దికాలానికే మారతారు; వారితో పాటు ప్రాధాన్యాలూ మారతాయి. 13వ ఆర్థిక సంఘం (2010–15) కోర్టుల పాలనా పనులు చూసే కోర్టు మేనేజర్ల కోసం 300 కోట్లు ఇచ్చింది. ఆ ఐదేళ్లు గడిచాక చాలాచోట్ల ఆ ఉద్యోగులు కాంట్రాక్టు మీదే వేలాడారు. ప్రతి హైకోర్టులో ఒక గణాంక నిపుణుడు, ఒక ఐటీ ఇంజనీరు, ఒక రికార్డుల నిపుణుడు, ఒక జిల్లా జడ్జితో శాశ్వత ప్రణాళికా విభాగం ఉండాలి. పదేళ్ల అంచనాను ఏటా జనవరిలో సవరించి, కిందటి ఏడాది వేసిన అంకె, నిజంగా జరిగిన అంకె రెండూ పక్కపక్కన వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు