బ్రయన్ హెల్మర్ గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఐస్ హాకీ వార్తల్లో ఎప్పుడూ ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి నేషనల్ హాకీ లీగ్) స్టార్లే కనిపిస్తారు. దాని కింది మెట్టయిన అమెరికన్ హాకీ లీగ్‌లో బ్రయన్ హెల్మర్ అనే కెనడా డిఫెన్స్‌మన్ (రక్షణ ఆటగాడు) ఏకంగా 1,117 మ్యాచ్‌లు ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతణ్ని ఏ జట్టూ తీసుకోలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో దక్కినవి 146 మ్యాచ్‌లే. అయినా పట్టు వదలకుండా ఆడి, 564 పాయింట్లతో అమెరికన్ హాకీ లీగ్ డిఫెన్స్‌మన్లలో రికార్డు నెలకొల్పాడు. వాటిలో 435 తోటివాళ్ల గోల్స్‌కు అందించిన సాయానికి వచ్చినవే! నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. 1995లో ఆల్బనీ జట్టులో, 2009, 2010లలో హెర్షీ బేర్స్ జట్టు కెప్టెన్‌గా ఆ లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలిచాడు. ఇలాంటివాళ్ల కెరీర్‌కూ మీ క్రీడా పేజీలో చోటివ్వండి.

– ఒక పాఠకుడు