నీ కారు షెడ్డు గోడ సంగతి

హన్మకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్‌లో నా పనిగది గోడ ఫోటో తీసి పంపమన్నావు. కార్పెంటర్‌కు చూపించి, కరీంనగర్‌లో మీ కారు షెడ్డుకు అచ్చం అట్లనే చేయించుకుంటానన్నావు. ఫోటో తీశాను. పంపలేదు. ఫోటోలో సుత్తులు, రంపాలు, డబ్బాలు కనబడతాయి గానీ అవి పడిపోకుండా ఎందుకు నిలబడ్డాయో కనబడదు. పైగా అది నా చేతివాటానికి, మన నాలా వరదకు తగ్గట్టు కుదిరిన గోడ. నీకు అది పనికిరాదు. వాట్సాప్‌లో ఇంత టైపు చేయడం నా వల్ల కాదు కాబట్టి కాగితం తీసుకున్నాను.

2020 ఆగస్టు వానలు గుర్తున్నాయి కదా. అప్పటిదాకా నా సామాను ముప్పావు వంతు కర్రపెట్టెలోనే ఉండేది, పెట్టె బల్ల కింద. నయీంనగర్ నాలా పొంగి గదిలోకి మోకాలు లోతు నీళ్లు వచ్చి తెల్లారేదాకా తీయలేదు. నీళ్లు పోయాక పెట్టె తెరిస్తే ఉలులు, స్పానర్లు, పట్కార్లు అన్నీ బురదలో. కిరోసిన్‌లో నానబెట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, మిషన్ నూనె పూసి చాలామట్టుకు బతికించుకున్నా. డ్రిల్ మిషన్ మాత్రం బతకలేదు. కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టర్‌గా అంత కాలం చేసినవాడిని, పనిముట్లను నేల మీద పెట్టొద్దని కొత్తవాళ్లకు చెప్పినవాడిని, ఇంట్లో మాత్రం నేల మీదే పెట్టాను. ఆ దసరాకు అన్నీ గోడ ఎక్కించాను. 2023 జులైలో మళ్లీ నీళ్లొచ్చినప్పుడు తడిసింది ఒక స్టూలు, రెండు గోనె సంచులు.

మీ ఇల్లు ఎత్తు మీద ఉంది, వరద భయం లేదు. అయినా నేల ఖాళీగానే ఉంచు. ఊడ్చుకోవచ్చు, చెదలు లేస్తే ముందే కనబడుతుంది, తేలు దూరినా కనబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కార్పెంటర్‌ను పిలిచే ముందు నీ గోడ లోపల ఏముందో తెలుసుకో. ఎవరికీ కనబడని మూలలో 6 ఎంఎం బిట్టుతో ఒక రంధ్రం వేసి, రాలే పొడి చూడు. మొదటి అరంగుళం బూడిద రంగు పొడి వస్తుంది. అది ప్లాస్టరు, దాని బలం లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. బూడిద రంగులోనే గట్టిగా వస్తే సిమెంటు ఇటుక. తెల్లగా మెత్తగా, పిండిలాగా వస్తే తేలిక బ్లాకు. దానికి డ్రిల్ మిషన్‌లో సుత్తి దెబ్బ ఆపేసి ఉత్తగా తిప్పాలి, స్క్రూ పట్టడానికి రంధ్రంలో దింపే ప్లగ్గులు కూడా దానికని వేరే ఉంటాయి. బిట్టు ఒక్కసారిగా సర్రున లోపలికి జారి ఇసుక రాలిందనుకో, అది రెండు ఇటుకల మధ్య మాలు. అక్కడ స్క్రూ పట్టినట్టే ఉంటుంది, పట్టదు. రెండంగుళాలు పైకి జరుగు. పిల్లరులో వేస్తుంటే బిట్టు ఇనుముకు తగిలి ఆగిపోతుంది. బలవంతం చేయకు, అంగుళం పక్కకు పో. బరువైనవన్నీ పిల్లరుకే ఇవ్వు, దానంత బలం గోడలో ఇంకెక్కడా లేదు.

స్విచ్ బోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద రంధ్రం వేయొద్దు. వైరు పైపు ఎక్కువగా ఆ దారినే వస్తుంది. షెడ్డు వెనక గోడకు అవతల మీ బాత్‌రూం ఉన్నట్టు గుర్తు. ఇల్లు కట్టేటప్పుడు అల్లుడు ప్లాస్టరు కాకముందు గోడలన్నీ ఫోటోలు తీశాడు, పైపులు ఎక్కడెక్కడ పోయాయో అందులో ఉంటుంది. అవి వెతికించు. ఫోటో దేనికైనా పనికొచ్చిందంటే దానికే.

మాలులో ప్లగ్గు దింపితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు అర్ధరాత్రి ఇంట్లో పిడుగు పడ్డట్టు చప్పుడైంది, మీ అమ్మ దొంగలని కేక వేసింది, యాదుందా? అది నేను గోడకు బిగించిన మొదటి అర. నాలుగు పెయింటు డబ్బాలు పెట్టాను. 4 లీటర్ల డబ్బా ఒక్కోటి 5 కిలోల పైనే ఉంటుంది. అర, డబ్బాలు, బ్రాకెట్లు అన్నీ కలిసి స్కూటర్ సీటు మీద. స్కూటర్ చాలా రోజులు లేత నీలం రంగులో తిరిగింది.

రెండు తప్పులు చేశాను. మాలులో ప్లగ్గు దింపడం ఒకటి. అరను మోసే L ఆకారపు బ్రాకెట్టును తిరగేసి బిగించడం రెండోది. దాని ఒక చేయి 8 అంగుళాలు, ఇంకోటి 6. అర వెడల్పుగా ఉంది కదా అని పొడుగు చేతిని పలక కింద పెట్టి, పొట్టి దాన్ని గోడకు పెట్టాను. పొడుగుదే గోడకు ఉండాలి. బరువు అరను కిందికి తొయ్యడమే కాదు, పై స్క్రూను గోడలోంచి బయటికి గుంజుతుంది. గోడకు ఆనే చేయి పొట్టిదైన కొద్దీ ఆ గుంజుడు ఎక్కువ. 20 కిలోల బరువు గోడ నుంచి 6 అంగుళాల దూరంలో ఉందనుకో, 6 అంగుళాల చేయి అయితే పై స్క్రూల మీద 20 కిలోల గుంజుడు పడుతుంది, 8 అంగుళాలదైతే 15. అదే బరువును అర అంచుకు, 12 అంగుళాలకు జరిపితే గుంజుడు రెట్టింపు. అందుకే బరువైనవి గోడకు ఆనించి, తేలికవి ముందుకు.

మీ తాత ఇంట్లో ఈ లెక్కలేవీ లేవు. మట్టిగోడ మూరెడు మందం. గోడ పెట్టేటప్పుడే చిలుకకొయ్య లోపలికి దిగ్గొట్టేవాళ్లు, ముక్కు కొంచెం పైకి ఉండేట్టు. దాని మీద తలపాగా, మోకు, గొంగడి, ఏది వేసినా జారేది కాదు. దీపానికి గోడలోనే గూడు. చల్లకుండకు ఉట్టి. వాడని సామాన్లకు అటక. నేల మీద ఉండేది మనిషి, రోలు, అంతే. ఇప్పుడు యూట్యూబ్‌లో గోడకు తగిలించుకునే ఉపాయాలని చూపించేవాటిలో సగం ఆ ఇంట్లో ఉన్నవే. తేడా అల్లా గోడదే. మనవి నాలుగున్నర అంగుళాల గోడలు, వాటిని మూరెడు గోడలా నమ్మితే స్కూటర్‌కు రంగు పడుతుంది.

నువ్వు చెప్పిన కొలతల ప్రకారం షెడ్డు వెడల్పు 9 అడుగులు, కారు ఐదున్నర. మిగిలింది మూడున్నర. కారును ఎడమ గోడకు దగ్గరగా పెట్టుకున్నా డ్రైవర్ తలుపు తెరుచుకొని దిగడానికి రెండు, రెండున్నర అడుగులు కావాలి. కాబట్టి కుడి గోడకు తలుపు తెరుచుకునేంత ఎత్తులో ఏదీ పొడుచుకు రావద్దు. నిచ్చెన, పారలు, పొడుగు పైపులు లాంటివి గోడకు అతుక్కున్నట్టుండేవి అక్కడ. నిచ్చెనను అడ్డంగా, తల కన్నా ఎత్తులో రెండు కొక్కేలకు వేసుకో. ఎడమ గోడకు తల పైన అడుగు వెడల్పు అర వేసుకోవచ్చు.

నీకు అసలు దొరికే చోటు బానెట్ పైన. అది ఎవరికీ తట్టదు. బానెట్ ఎత్తు మూడున్నర అడుగులకు మించదు కాబట్టి, ఎదురు గోడకు నాలుగున్నర అడుగుల పైనుంచి అడుగున్నర వెడల్పు అరలు వేసినా కారు కింద దూరిపోతుంది. ముందు చక్రాలకు అడ్డంగా నేల మీద ఒక చెక్క బిగించు, అల్లుడు తొందరలో గోడకు గుద్దకుండా. బానెట్ తెరిస్తే తగులుతుందేమో ఒకసారి తెరిచి చూసుకోండి. నాలుగడుగుల పలకకు రెండు చివరలా రెండే బ్రాకెట్లు పెడతాడు కార్పెంటర్. మధ్యలో మూడోది అడిగి పెట్టించు. పలక పొడుగునా బరువు సమంగా ఉంటే, బ్రాకెట్ల మధ్య దూరం సగమైతే వంగడం పదహారో వంతుకు పడిపోతుంది. వంద రూపాయల బ్రాకెట్టుకు అంతకన్నా లాభం ఇంకెక్కడా రాదు.

చెక్కపని సామానుకు మాత్రం నా గోడలో ఒక్కటి తీసుకో, ఫ్రెంచ్ క్లీట్ అంటారు. 18 ఎంఎం ప్లైని 3 అంగుళాల పట్టీలుగా కోయించి, ఒక అంచును 45 డిగ్రీల వాలుగా కోయాలి. దాన్ని గోడకు అడ్డంగా బిగించేటప్పుడు వాలు పైకి ఉండాలి, కొన బయటి వైపు ఎత్తుగా, గోడ వైపు పల్లంగా. అప్పుడు గోడకూ పట్టీకీ మధ్య గాడి ఏర్పడుతుంది. పనిముట్లు పెట్టుకునే చిన్న చిన్న పలకల వెనక అదే వాలు పట్టీని తలకిందులుగా బిగించి, తెచ్చి ఆ గాడిలో కూర్చోబెట్టడమే. బరువు పడిన కొద్దీ గోడకు ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. స్క్రూ విప్పే పని లేకుండా ఇక్కడిది తీసి అక్కడ పెట్టుకోవచ్చు. నాలుగడుగుల చదరపు ప్లై ముక్కకు పదిహేను పట్టీల దాకా వస్తాయి. వాలు కోత చేత్తో సాగదు, టింబర్ డిపోలో మిషన్ మీద కోయించు.

స్క్రూ పొడుగులో పిసినారితనం చేయకు. ప్లై 18, ప్లాస్టరు 12, అక్కడికే 30 ఎంఎం పోయింది. రెండున్నర అంగుళాల స్క్రూ అంటే 63, అందులో ఇటుకలోకి దిగేది 33 మాత్రమే. పట్టీకి నాలుగు స్క్రూలు, 8 ఎంఎం ప్లగ్గులు. రంధ్రంలో దుమ్మును సైకిల్ పంపుతో ఊదేశాకే ప్లగ్గు దింపు. మట్టానికి ఫోన్ యాప్‌ను నమ్మకు, మేస్త్రీల నీటి గొట్టం తెచ్చుకో.

కొక్కేలు గుచ్చుకునే తూట్ల బోర్డు చూడ్డానికి బాగుంటుంది. నాకు నచ్చలేదు. వెనక రీపర్లు కొట్టి ఖాళీ వదలాలి, పనిముట్టు తీస్తే కొక్కెం కూడా ఊడి వస్తుంది, వానాకాలం చెమ్మకు ఉబ్బుతుంది. ఇనుపదైతే ఉబ్బదు, ఖరీదు ఎక్కువ.

ఇంక ఎత్తు. ఇది ఎవరూ చెప్పరు. నా గోడ మీద రోజూ వాడేవి ఐదున్నర అడుగుల ఎత్తులో ఉన్నాయి. అది నాకు సరైన ఎత్తు అనుకున్నావేమో. అది నీ మూలంగా వచ్చిన ఎత్తు. నీకు ఆరేళ్లప్పుడు స్టూలు లాక్కొని స్క్రూడ్రైవరు తీసి మీ అమ్మ రేడియో విప్పావు. నేను మేకులను ఒక అడుగు పైకి జరిపాను. నువ్వు చీపురు కట్టతో లాగావు. ఉలి వచ్చి నీ పాదం పక్కన నాటుకుంది. ఆ రోజు తిట్టి అన్నీ ఇంకా పైకి ఎక్కించాను. తర్వాత నువ్వు పెద్దదానివైనా అవి దిగలేదు. ఉలులు పైకి పోవాల్సిందే. ఒక పొట్టి స్క్రూడ్రైవరు మాత్రం నీ ఎత్తులో తగిలించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

కాబట్టి నీ గోడకు నువ్వు నిలబడి కొలుచుకో. బల్ల నీ మణికట్టు ఎత్తుకు రావాలి. మడత బల్ల అయితే పని అయ్యాక గోడకు ఆనించేయొచ్చు, కారు లోపలికి వస్తుంది. కళ్లు మూసుకొని చేయి చాపు, చేయి ఎక్కడ ఆగితే అక్కడ నువ్వు ఎక్కువగా వాడేది ఉండాలి. పట్టీలు బిగించాక మొదటి నెల కొక్కేలు ఏవీ శాశ్వతంగా బిగించకు. నీ చేయి ఎటు పోతుందో చూసి అటు జరుపు. కోసేవి, గుచ్చేవి ఐదడుగుల పైన, ముందు అడ్డుపట్టీ ఉన్న పలకలో. మనవడికి అందేంత ఎత్తులో ఒక కొక్కెం వాడికి వదులు. చిన్న సుత్తి నేను తెస్తాను.

ఇంకోటి, ఇది ఖచ్చితంగా వినాలి. ఇన్వర్టర్ బ్యాటరీ షెడ్డులోనే ఉంది కదా, దాని పైన అర వద్దు, కొక్కెం వద్దు. ఒక స్పానరు జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడితే నిప్పులు చిమ్ముతాయి. చార్జింగ్ అయ్యేటప్పుడు దాని నుంచి మండే గ్యాసు కూడా వస్తుంది. థిన్నర్, పెట్రోలు సీసాలు దాని దరిదాపుల్లో పెట్టకు.

మొలలు, స్క్రూలు, వాషర్లకు డబ్బాలు కొనకు. గాజు సీసాల మూతలను అర కింద రెండేసి స్క్రూలతో బిగించి, సీసాను కింది నుంచి తిప్పి పెట్టడమే. ఒక్క స్క్రూ అయితే మూత కూడా సీసాతో పాటు తిరుగుతుంది. లోపల ఏముందో బయటికే కనబడుతుంది. నాకు పద్నాలుగు సీసాలున్నాయి, రెండింట్లో ఏముందో ఎందుకుందో నాకే తెలియదు.

వచ్చే ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్నా. డ్రిల్ మిషన్, నీటి గొట్టం నేను తెస్తా. బిట్లు 6, 8 కొత్తవి కొని ఉంచు, నావి మొండివి. నేను వచ్చేదాకా కార్పెంటర్‌కు అడ్వాన్సు ఇవ్వకు. మీ అమ్మ మామిడికాయ తొక్కు రెండు సీసాలు సర్దింది. ఖాళీ అయ్యాక వాటి మూతలు పారేయొద్దు.

మీ బాపు