ఆక్రా వానలో నా చెయ్యి పట్టి ఆపిన అమ్మకు

జూన్‌లో ఘనా రాజధాని ఆక్రాలో వాన దంచి కొడుతుంది, అయినా ఉక్క తగ్గదు. సర్కిల్ అని పిలిచే పెద్ద కూడలి దగ్గర ట్రోట్రో వ్యాను దిగేసరికి మోకాలి లోతు నీళ్లు. ఎదురుగా పెట్రోలు బంకు కనిపిస్తే అటు వెళ్లబోయాను. అమ్మా, తలమీద బుట్టతోనే మీరు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. 2015 జూన్ 3న ఇదే సర్కిల్ దగ్గర, ఇలాంటి వానలోనే బంకు పేలింది. వరద, మంటలు కలిసి 150 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అది మీరు చెబుతుంటే ఒళ్లు జలదరించింది. ఓడా కాలువ పొంగితే ఇక్కడ నిలబడకూడదని ఒక కొట్టు మేడమీదికి తీసుకెళ్లారు. పులిసిన మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, వేడి వేడి కెంకే పెట్టి, డబ్బులిస్తే వద్దన్నారు. పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయారు. మీకు ఎంతో రుణపడి ఉన్నాను. ఆక్రాలోని మన తెలుగువాళ్లూ, సర్కిల్ దగ్గర కెంకే అమ్మే ఆవిడ కనిపిస్తే నా నమస్కారాలు చెప్పండి.