మా షెడ్డుకు బండ్లు తెచ్చేవారికి: విరిగిన ఏబీఎస్ ఫ్యూజు గురించి

ఏళ్ల తరబడి మా షెడ్డుకు బండ్లు తెస్తున్న వారందరికీ నమస్కారం. గత మూడు వారాలుగా ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) పనులన్నీ ఆలస్యమయ్యాయని, ఫోన్ చేస్తే సూటిగా జవాబు రాలేదని మీలో కొందరు నొచ్చుకున్నారు, అందులో అన్యాయమేమీ లేదు. జరిగిన సంగతి పక్కవారి నోట వినడం మీకూ మర్యాద కాదు, నాకూ కాదు కనుక నేనే రాస్తున్నాను. ఒక పాత కస్టమర్ కారులో ఏబీఎస్ ఫ్యూజును బయటికి తీయబోయి ఫ్యూజు బాక్సును పాడు చేశాను. ఆ పని మా కుర్రాళ్లెవరూ చేయలేదు, నా చేత్తో నేనే చేశాను.

ఆ బండిలో పసుపు రంగు ఏబీఎస్ దీపం స్టార్ట్ చేయగానే మామూలుగా వెలిగి ఆరిపోయేది. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే మళ్లీ వెలిగేది, ఇక ఆరేది కాదు. చాలా బండ్లలో ఏబీఎస్ కంట్రోలర్ బయలుదేరిన కొద్ది క్షణాలకే, బ్రేకు ఆయిలును నెట్టే పంపు మోటారును ఒక్కసారి తిప్పి పరీక్షించుకుంటుంది. మోటారుకు చాలినంత కరెంటు అందకపోతే అది బయటపడేది అప్పుడే. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ కూడా పంపు మోటారు సర్క్యూట్‌నే చూపించింది. అంతకుముందు వేరే చోట పంపు, కంట్రోలర్ కలిసి ఉండే మొత్తం ఏబీఎస్ యూనిట్ మార్చాలని ఆ కారు యజమానికి చెప్పారట. ఫ్యూజు, ఎర్తు చూడకుండా యూనిట్ మార్చడం మరమ్మతు కాదు, అమ్మకం అని నేను కాస్త గొప్పగానే అన్నాను. రోగం విషయంలో నా మాటే నిజమైంది గానీ, వైద్యం దగ్గరే పరువు పోయింది.

యూనిట్ కనెక్టర్ దగ్గర మీటరు పెడితే 12 వోల్టులకు పైగానే చూపించింది. మీటరు వాడుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి, వెంట్రుకవాసి తగులుతున్న కనెక్షన్ కూడా దానికి నిండు కనెక్షన్ లాగే కనిపిస్తుంది. అదే చోట 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించి చూస్తే బల్బు నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలిగింది, మీటరులో వోల్టేజి సగానికి పడిపోయింది. ఫ్యూజుకు బ్యాటరీ వైపు పూర్తి వోల్టేజి ఉంది, అవతలి వైపు లేదు. పై మూతలోంచి చూస్తే ఫ్యూజులోని తీగ తెగలేదు. అంటే లోపం ఫ్యూజు కాళ్ల దగ్గర, అది కూర్చున్న చోట ఉంది. ఇక్కడిదాకా చేసిన పనికి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

బ్యాటరీ నెగటివ్ విప్పి, బాక్సు మూతలోనే ఉండే ప్లాస్టిక్ పట్టకారుతో లాగితే మూడుసార్లు జారిపోయింది. కొన్ని బండ్లలో పెద్ద ఫ్యూజులను అడుగు నుంచి స్క్రూలతో బిగిస్తారు. అది తెలియక పైనుంచి లాగి విరగ్గొట్టేవారిని చూసి నేను చాలాసార్లు నవ్వుకున్నాను. అందుకే ముందు అడుగు మూత తీసి, స్క్రూలు లేవని నిర్ధారించుకున్నాను. ఆ నిర్ధారణే నన్ను ముంచింది. స్క్రూ లేదు కనుక రాక చస్తుందా అనుకున్నాను. అది 40 ఆంపియర్ల ఆకుపచ్చ పెట్టె ఫ్యూజు. ఈ రకంలో రేకు నాలుకలు బాక్సులో నిలబడి ఉంటే, వాటిని ఒరలాగా పట్టుకునే కాళ్లు ఫ్యూజుకు ఉంటాయి. ఒర వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి ఫ్యూజు ప్లాస్టిక్ కరిగి బాక్సు ప్లాస్టిక్‌తో కలిసిపోతుంది. అంచున గోధుమరంగు మచ్చ కనిపిస్తూనే ఉంది. మా కుర్రాడు "అన్నా, ఇక ఆపి బండివాళ్లకు ఒకసారి ఫోన్ చేద్దాం" అన్నాడు. నేను ముక్కు పటకారు తీసుకుని అటూ ఇటూ ఊపుతూ లాగాను. చిన్న చప్పుడుతో ఫ్యూజు పైభాగం చేతిలోకి వచ్చింది, కాళ్లు లోపలే ఉండిపోయాయి. వాటిని కూడా పట్టి లాగేసరికి బాక్సులోని ఒక రేకు నాలుక తన చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా కదిలి, కదిలే పన్నులా ఊగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. దారులు రెండే. ఆ ఒక్క తీగను బాక్సు నుంచి విడదీసి, విడిగా ఒక మంచి ఫ్యూజు హోల్డరు పెట్టి పూట గడపడం ఒకటి, మొత్తం ఫ్యూజు బాక్సు మార్చడం రెండోది. హోల్డరు పద్ధతి తప్పుడు పని అని నేను అనను. సరైన మందం తీగతో, సరైన క్రింపుతో (తీగ కొసను లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) చేస్తే అది నిలుస్తుంది, హారన్లకు, ఫాగ్ ల్యాంపులకు ఎన్నో బండ్లకు నేనే చేశాను. ఆ కారు యజమాని కూడా "అదే చేసేయండి, బండి చేతికొస్తే చాలు" అన్నారు. అయితే పంపు మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణంలో లాగే కరెంటు చిన్నది కాదు, ఇంజను దగ్గరి వేడి, అదురు, నీటి తుంపర ఏళ్ల తరబడి ఆ అతుకు మీద పనిచేస్తూనే ఉంటాయి. దానికి మించి, ఆ బండి బానెట్ ఎత్తిన ప్రతి మెకానిక్కూ బ్రేకు సర్క్యూట్‌లో నా చేతి అతుకు కనిపిస్తుందన్న ఆలోచన నాకు మింగుడు పడలేదు. ఇందులో భద్రత ఎంత, నా అభిమానం ఎంత అని మీరు అడిగితే కచ్చితంగా విడదీసి చెప్పలేను. బాక్సు మొత్తం నా ఖర్చుతోనే మారుస్తానని ఆయనకు చెప్పాను.

బండి పదహారు రోజులు కదలకుండా ఉండిపోవడానికి కారణం మాత్రం నేను కాదు. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు. పాత బాక్సు మీది లేబులును దగ్గరగా ఫోటో తీసి, అందులోని పార్టు నంబరును విడిగా టైపు చేసి మరీ మా సప్లయరుకు పంపాను. అయిదో రోజున వచ్చిన బాక్సు పైకి చూస్తే అచ్చం అదే. మూత సరిపోయింది, క్లిప్పులు సరిపోయాయి, కనెక్టర్లు కూడా కూర్చున్నాయి. తీరా ఆకుపచ్చ ఫ్యూజు పెట్టబోతే ఆ గదిలో రేకే లేదు, ఉత్త ప్లాస్టిక్ గుంట. అది ఏబీఎస్ లేని మోడలుకు చేసిన బాక్సు. తిప్పి పంపితే మరో ఆరు రోజుల తర్వాత రెండోది వచ్చింది. కొత్తదని బిల్లు వేశారు. సీలు చించి చూస్తే అదే గదిలో అదే గోధుమరంగు మచ్చ! నాది విరిగింది, అది కాలింది, అంతే తేడా. అడిగితే "మీవాళ్లే నంబరు తప్పు చెప్పి ఉంటారు" అన్నారు. నంబరు తప్పు పంపితే కాలిన సరుకు వస్తుందా? ఇన్నేళ్లుగా వారి దగ్గర ఒక్క బిల్లు కూడా ఆపని మనిషిని ఆ ఒక్క మాటతో చేతకానివాణ్ణి చేశారు. ఆ రోజే లెక్క తేల్చుకుని వచ్చేశాను. మూడో బాక్సు కంపెనీ డీలరు దగ్గర తీసుకున్నాను, అది సరిగ్గా కూర్చుంది. అదే బల్బు పెడితే తెల్లగా వెలిగింది, పంపు మోటారు తిరిగింది, దీపం ఆరింది. యూనిట్ మార్చవలసిన అవసరం రాలేదు.

చెప్పకుండా దాటవేయవచ్చు గానీ, ఒక సంగతి మిగిలింది. ఆ ఒర ఎందుకు వదులైందని మా పని పుస్తకం తిరగేశాను. అదే బండి రెండేళ్ల క్రితం రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందని మా దగ్గరకే వచ్చింది. ఆ రోజు ఒక్కొక్క ఫ్యూజే పీకి చూసిన జాబితాలో ఈ ఆకుపచ్చదీ ఉంది, రాత నాదే. మీటరు మొన ఆ కాళ్లలోకి దూర్చి కొలిచి ఉంటాను. అలా దూరిస్తే ఒర విచ్చుకుంటుంది. రుజువు చేయలేను గానీ, నా అనుమానం నా మీదే ఉంది. ఆ కారు యజమానికి ఈ మాట కూడా చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక ముందు మా షెడ్డులో బ్యాటరీ దిగే లోపం వెతకడానికి ఫ్యూజులు పీకము. ఫ్యూజు రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలిస్తే కరెంటు ఎటు పోతోందో దాన్ని కదపకుండానే తెలుస్తుంది. బిగిసిన ఫ్యూజు ప్లాస్టిక్ పట్టకారుకు రాకపోతే పని అక్కడితో ఆపి, బాక్సు విరిగే అవకాశం ఉందని మీకు చెప్పి, దొరికే బాక్సు ఏదో తెలుసుకుని, మీరు సరే అన్న తర్వాతే ముందుకు వెళతాము. దీనివల్ల ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఈలోగా మీ బండిలో పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారవచ్చు కనుక ముందు బండికి ఎడం ఎక్కువ ఉంచండి. దానితోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే బండి నడపకండి, ఫోన్ చేయండి, మేమే వస్తాము. పోయిన ఫ్యూజు చోట ఎక్కువ ఆంపియర్లది పెట్టి తీసుకువస్తే, ఎంత పాత స్నేహమైనా, ముందు దాన్ని తీసిన తర్వాతే మాట్లాడతాను.

ఆగిపోయిన నాలుగు బండ్లను వచ్చిన వరుసలోనే అందుకుంటున్నాము. మొదటిది ఈ ఉదయమే లిఫ్టు మీదికి ఎక్కింది.