ఐస్‌లో పెట్టి తేవడమే మేం చేసిన తప్పు

మా ల్యాబ్‌కి వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

పోయిన నెల మేమిచ్చిన రిపోర్టు ఒకటి తప్పు. ఆ నోటా ఈ నోటా మీ దాకా వచ్చేలోపు నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

తెనాలి నుంచి కొల్లిపర వైపు ఊళ్లకు మా కుర్రాడు బండి మీద వెళ్లి రక్తం తీసుకొస్తాడు. ఆ రోజు ఐదున్నరకే ఒక పెద్దాయన దగ్గర మొదటి శాంపిల్ తీశాడు. మిగతా ఇళ్లన్నీ తిరిగి ల్యాబ్‌కి చేరేసరికి పదకొండు. ఎండకి పాడైపోతాయని ట్యూబులన్నీ ఐస్ బాక్సులో జాగ్రత్తగా సర్దుకుని మరీ తెచ్చాడు. పెద్దాయన పొటాషియం 5.9 వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. మరీ పెరిగితే గుండెకే ప్రమాదం కాబట్టి ఇంటివాళ్లు హడలిపోయారు. డాక్టరుగారు బీపీ మాత్ర ఆపించి, మళ్లీ పరీక్ష చేయించమన్నారు. ఈసారి ఆయన్ని ల్యాబ్‌కే పిలిపించి, రక్తం తీసి, గంటలోపే చేశాం. 4.8.

మొదటి ట్యూబు ఫ్రిజ్‌లోంచి తీసి ట్యూబులైటు కింద పెట్టి చూశాను. రక్తకణాలు పగిలితే సీరం (కణాలు అడుగుకి దిగాక పైన తేలే నీరు) ఎర్రబారుతుంది. ఇది లేత పసుపు రంగులో తేటగా ఉంది. మెషిన్ కంట్రోల్స్, అంటే మెషిన్ సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చే శాంపిల్స్, కూడా సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది ఐస్ ఒక్కటే.

ఒంట్లో పొటాషియం దాదాపు అంతా కణాల లోపలే ఉంటుంది. బయటికి కారినదాన్ని కణం పంపు పెట్టినట్టు మళ్లీ లోపలికి తోడుకుంటూ ఉంటుంది. చల్లదనానికి ఆ పంపు పడకేస్తుంది. అప్పుడు కణం పగలకుండానే పొటాషియం సీరంలోకి వచ్చేస్తుంది, కంటికేమీ తేడా కనపడదు. చేపలకి ఐస్ మంచిదే గానీ, సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబుని గిరగిరా తిప్పి కణాల్నీ సీరాన్నీ వేరుచేసే మిషన్లో) తిప్పని రక్తానికి కాదు. చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్న సంగతి ఇది. కుర్రాడికి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. దయచేసి అతన్ని ఎవరూ ఏమీ అనకండి.

నిజానికి మనం వాడే పసుపు మూత ట్యూబులోనే దీనికి ఉపాయం ఉంది. అడుగున జిగురులాంటి జెల్ ఉంటుంది. రక్తం తీశాక అరగంట గడ్డకట్టనిచ్చి, పది నిమిషాలు తిప్పితే ఆ జెల్ కణాలకీ సీరానికీ మధ్య గోడలా నిలబడిపోతుంది. ఆ తర్వాత ఐస్‌లో పెట్టినా ఫర్వాలేదు. తిప్పడం మాత్రం రక్తం తీసిన గంటా రెండు గంటల్లోపే అయిపోవాలి.

అందుకే కొల్లిపరలో చిన్న గది అద్దెకు తీసుకుని రెండో సెంట్రిఫ్యూజ్ పెట్టాం. (గుండీకి దారం కట్టి లాగి తిప్పే ఆట గుర్తుందా? ఆ సూత్రంతోనే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2017లో కాగితంతో సెంట్రిఫ్యూజ్ చేసింది. నిమిషానికి లక్షా పాతికవేల చుట్లు తిరుగుతుంది! మా అమ్మాయి అదే కొనమంది. అది సన్నటి గొట్టంలో పట్టే చుక్కలకే సరిపోతుంది, మన ట్యూబులకి కాదు.) ఇకమీదట ట్యూబు మీద రక్తం తీసిన టైమూ, తిప్పిన టైమూ రెండూ రాస్తాం. రెండు గంటలు దాటితే ఆ ట్యూబులో పొటాషియం చేయం, మళ్లీ తీస్తాం. రెండోసారి సూది గుచ్చితే మీకు విసుగొస్తుందని తెలుసు.

గది అద్దె, మిషను వాయిదా కలిపి చూసుకుంటే ఇంటికొచ్చి తీసే చార్జీ 40 రూపాయలు పెంచక తప్పట్లేదు. ల్యాబ్‌కి వచ్చేవాళ్లకి పాత రేటే.

గత మూడు నెలల్లో ఇంటి దగ్గర రక్తం ఇచ్చి, పొటాషియం ఎక్కువ వచ్చినవాళ్లుంటే ల్యాబ్‌కి రండి, ఉచితంగా మళ్లీ చేస్తాం. ఈలోగా మాత్రలు మాత్రం డాక్టరుని అడక్కుండా మార్చకండి. పరగడుపున రావక్కర్లేదు, టిఫిన్ తినే రండి. రక్తం తీసేటప్పుడు పిడికిలి బిగించి వదలడం, బిగించి వదలడం చేయకండి. దానికి కూడా పొటాషియం పెరుగుతుంది.