తప్పు సూర్యుడిది కాదు, బోరు నీళ్లకు తగ్గట్టు బిగించనివాళ్లది

సంపాదకుడికి,

విద్యార్థుల వసతిగృహాల మిద్దెల మీద నీళ్లు కాచే సోలార్ హీటర్లు మూలనపడ్డాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. వేసినందుకు సంతోషం. కానీ చివర్లో ‘మన ప్రాంతానికి సోలార్ హీటర్లు సరిపడవు’ అన్న అధికారి మాటను ప్రశ్నించకుండా అచ్చేయడం బాధ కలిగించింది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఎండకు కొదవా? కొదవంతా నీళ్లను చూసి యంత్రాన్ని ఎంచుకునే బుద్ధికే.

మన బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఈ సంగతి ప్రతి ఇంట్లో తెలుసు, టెండరు రాసేవాళ్లకే తెలియదు. తాగే నీళ్లలో కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి ఉప్పుల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం. ఇలాంటి గట్టి నీళ్లు అరవై డిగ్రీలు దాటి వేడెక్కితే అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి గోడలకు పట్టుకుంటుంది. నల్లటి పలక లాంటి ఫ్లాట్ ప్లేట్ హీటరులో నీళ్లు పారేది అరంగుళం రాగి గొట్టాల్లో. అవి సున్నంతో పూడుకుపోతే పలక కాలిపోయేంత వేడిగా ఉన్నా ట్యాంకులోకి గోరువెచ్చని నీళ్లు కూడా రావు. బోరు నీళ్లు తప్ప గతిలేని చోట గాజు గొట్టాల రకమే పెట్టాలి. అందులో పెద్ద సైజు గొట్టం లోపలి వెడల్పు నాలుగు సెంటీమీటర్ల పైమాటే, పైగా ఒక్కో గొట్టాన్ని ఊడదీసి కడుక్కోవచ్చు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చే చోట హీటరుకు విడిగా చిన్న ట్యాంకు పెట్టి ఆ నీళ్లే ఇస్తే సగం బాధ తప్పుతుంది. కానీ అన్నిచోట్లా రెండు నీళ్లూ ఒకే ట్యాంకులో కలిపేస్తున్నారు.

బిగించడంలో జరిగే తప్పులు అందరికీ కనిపించేవే. చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం వేడినీళ్ల ట్యాంకు పై అంచుకన్నా కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. వేడినీళ్ల ట్యాంకు నుంచి లేచే గాలి గొట్టం చన్నీళ్ల ట్యాంకు పైమట్టం దాటి పోవాలి. దాని మూతి తెరిచే ఉండాలి. అందులోంచి నీళ్లు కారుతున్నాయని కొందరు ప్లంబర్లు మూత బిగిస్తారు. అప్పుడు నీళ్లు వాడుతుంటే లోపల గాలి లేక స్టీలు ట్యాంకు సొట్టపడి నలిగిపోతుంది. గాజు గొట్టాలు దక్షిణానికి తిరిగి, చలికాలం ఎండ అందేలా 25 నుంచి 30 డిగ్రీల వాలులో ఉండాలి. వేడినీళ్ల పైపు సీపీవీసీది కావాలి. మామూలు పీవీసీ మెత్తబడి వంగుతుంది. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. స్నానాలగది పదిహేను మీటర్ల దూరంలో ఉంటే ప్రతిసారీ నాలుగు లీటర్లు చల్లగా వృథా పోతాయి, పైపుకు తొడుగు లేకపోతే మరీను.

పరిమాణం సంగతి కూడా చెప్పాలి. పిల్లవాడి బకెట్ స్నానానికి అరవై డిగ్రీల నీళ్లు పది లీటర్లు చాలు, మిగతాది చన్నీళ్లు. వంద మందికి వెయ్యి లీటర్లు, అంటే పెద్ద సైజు గొట్టాలు వంద. వంద మంది ఉన్నచోట 300 లీటర్లది పెట్టి, మొదటి ముప్పై మంది స్నానం చేయగానే నీళ్లు చల్లబడితే ‘సోలార్ పనిచేయదు’ అంటే ఎలా? వంద లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు కాచడానికి కరెంటు నాలుగు యూనిట్లు కావాలి. ప్రతిరోజూ అంత కరెంటు, లేదంటే అంత కట్టెలు పోతున్నాయి.

ఇక సంరక్షణ. గుండ్రటి కొన దగ్గర ప్రతి గొట్టానికీ అద్దంలా వెండి మెరుపు ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే గొట్టం రెండు గాజు పొరల మధ్య వేడిని ఆపే శూన్యం పోయింది, ఇక అది వేడి పట్టదు, మార్చాల్సిందే. ఈ ఒక్క గుర్తు వార్డెన్లకు చెప్పినవాళ్లు లేరు. సున్నం పట్టిన గొట్టంలో దాదాపు మూడు లీటర్ల నీళ్లకు 150 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నీడలో రాత్రంతా ఉంచి, పొడుగు బ్రష్‌తో తోమితే వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయకూడదు. అది స్టీలు ట్యాంకుకు అతుకుల దగ్గర చిల్లులు పెడుతుంది. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వలయానికి సబ్బు నీళ్లు రాసి మెల్లగా తిప్పుతూ దూర్చాలి. నీళ్లు నింపడం పొద్దు పొడవక ముందో, పొద్దు గుంకాకో జరగాలి. మిట్టమధ్యాహ్నం కాలిన ఖాళీ గొట్టాల్లోకి చన్నీళ్లు వదిలితే వరుసగా పగులుతాయి. కోతులున్న ఊళ్లలో పైన ఇనుప జాలీ తప్పనిసరి.

అధికారుల సంగతి చెప్పకుండా ఉండలేను. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. నీళ్ల విషయంలో ఇంతగా పేరుకెక్కిన ఊళ్లో హీటరు టెండరులో నీళ్ల పరీక్ష అన్న ఒక్క వరుస ఉండదు. తక్కువ ధర కోట్ చేసినవాడికి పని, బిల్లు, అంతే. మరుసటి ఏడాది వచ్చి సున్నం తీసేవాడు ఎవరో కాగితం మీద రాయరు. మీ వార్తలో మరో పొరపాటు, ఈ హీటర్లకు పీఎం సూర్యఘర్ రాయితీ వస్తుందన్నట్టు రాయడం: 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ రాయితీ, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు, కరెంటు తీసే పలకలకు. నీళ్లు కాచే హీటర్లకు అది వర్తించదు. సవరణ వేయండి, జనం మోసపోతారు.

వేసవి సెలవులు దగ్గర పడ్డాయి. వాడేవాళ్లు లేక ట్యాంకులో నీళ్లు మరిగి ఆవిరవుతాయి, వాటి చోటికి మళ్లీ బోరు నీళ్లు వస్తాయి, ఉప్పంతా లోపలే మిగులుతుంది. వసతిగృహాలకు తాళం వేసే ముందు గొట్టాల మీద మందపాటి టార్పాలిన్ కప్పించమని జిల్లా యంత్రాంగం ఈ వారమే ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, నల్లగొండ